వియ్యంకుడు పంపిన ఎరువు

మా ఆయన ఎర్గాష్‌కి ఉన్న జబ్బల్లా ఒకటే, మొహమాటం. పెళ్ళయిన కొత్తలో దాన్ని సంస్కారమనుకుని మురిసిపోయాను. బజారులో పుచ్చకాయని వేలితో తట్టి చూస్తాడు. తట్టాక కొనకపోతే అమ్మేవాడు ఏమనుకుంటాడోనని పచ్చికాయనైనా సరే చంకనెత్తుకుని ఇంటికొస్తాడు. విందుకెళితే మూడో పళ్ళెం పలావు వద్దనలేక తిని, మర్నాడంతా పొట్ట పట్టుకుని తిరుగుతాడు. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత ఊరికే పుట్టలేదు. మా ఇంట్లో మాత్రం మొహమాటానికి పోతే చేనంతా కోళ్ళపెంట అయింది.

ఆ ఏడు వసంతంలో మా అమ్మాయి హుల్కార్‌కి సంబంధం కుదిరింది. పెద్దలు రొట్టె విరిచి, చేతులెత్తి దువా చేసి మాట ఖాయం చేసుకున్నారు. కాబోయే వియ్యంకుడు మామాసాలీ మా ఇంటి పరుపుల మీద కూర్చుని, పింగాణీ గిన్నెలో టీ ఊదుకుంటూ మొదలుపెట్టాడు. కాలువ అవతలి ఊళ్ళో క్యారెట్ పండించడంలో ఆయన మొనగాడు. మా ఫెర్గానా లోయలో పెళ్ళి పలావంటే పసుపు క్యారెట్టే, బియ్యం ఎంతో క్యారెట్ అంత పడాలి.

"పలావుకి కావలసిన క్యారెట్ అంతా నేనే పంపిస్తా బావగారూ. దాని సంగతి మీరు మర్చిపోండి," అన్నాడు.

మా ఆయన "అదే పదివేలు" అనడానికి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట వచ్చేలోపు నేను అందుకున్నాను.

"ఏమీ అనుకోవద్దు బావగారూ. మా ఇంటి ఆడపిల్ల పెళ్ళి పలావులో పరాయి క్యారెట్ పడదు. మా అమ్మ పెళ్ళికి అమ్మమ్మ పండించింది. నా పెళ్ళికి మా అమ్మ పండించింది. హుల్కార్ పెళ్ళికి నేను పండిస్తాను."

గదిలో ఉన్న రెండు ఊళ్ళ పెద్దలూ విన్నారు. తలలూపారు. అంటే మాట పడిపోయింది, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. పైగా మా దగ్గర పెళ్ళికి ముందురోజు సాయంత్రం మగవాళ్ళంతా ఎవరి కత్తి వాళ్ళు తెచ్చుకుని కూర్చుని క్యారెట్ తరుగుతారు. దుంప నున్నగా ఉందా, పీచుగా ఉందా, వంకరగా ఉందా, అన్నీ అక్కడే బయటపడతాయి. పెళ్ళికూతురు ఎలా ఉందో మర్చిపోతారు గానీ క్యారెట్ ఎలా ఉందో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

మామాసాలీ ముఖం కాస్త చిన్నబోయింది. వెంటనే సర్దుకుని, "సరే, క్యారెట్ మీదే. ఎరువైనా నాది ఒప్పుకోండి," అన్నాడు.

ఈసారి మా ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు.

పెరటి చేలో బార్లీ కోసి ఎత్తేశాక, జూన్ ఎండల్లో ఒక రోజు ట్రాక్టర్ ట్రాలీ మా గుమ్మం ముందు ఆగింది. అది రావడానికి ముందే దాని వాసన వచ్చింది. గొర్రెల ఎరువు నాకు తెలుసు, ఆవుపేడ తెలుసు, పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యనే ఉన్నాను. ఇది అది కాదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వియ్యంకుడు కోళ్ళ ఫారం నుంచి అప్పుడే ఎత్తించిన పచ్చిపెంట, ఇంకా ఆవిరి పోతూనే ఉంది. ట్రాలీకి ముందు ఎర్ర రిబ్బను కూడా కట్టించాడు, కానుక కదా.

"హుల్కార్ నాన్నా, ఇది ఏడాదైనా మాగాలి. కుప్ప వేసి మూసేద్దాం," అన్నాను.

"బావగారు ప్రేమతో పంపారు, కుప్ప వేస్తే ఏమనుకుంటారు? ప్రతి గురువారం బజారుకి ఈ రోడ్డు మీదే వెళతారు. కుప్ప కనిపిస్తే, నా ఎరువు వీళ్ళకి ఆనలేదనుకోరూ?"

"అనుకుంటే అనుకోనీ."

"దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతామా ముకంబర్?"

"పళ్ళు లెక్కపెట్టమనట్లేదు. ఆవు మనల్ని కరుస్తోందంటున్నాను."

విన్నాడా? వినలేదు. ఆయన, ఆయన తమ్ముళ్ళు కలిసి సాయంత్రానికల్లా రోడ్డు అంచు నుంచి ఇంటి గోడ దాకా చేనంతా పరిచేశారు. తెల్లారేసరికి ఈగలు వచ్చాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, మాకు పల్లకీ ఇంకా రాలేదు గానీ ఈగలు మాత్రం ముందుగా దిగాయి. టీ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తాగాల్సి వచ్చింది.

రెండు రోజులకి మాకు కాలువ నీళ్ళ వంతు వచ్చింది. తెల్లవారుజామున మా ఆయన గండి కొట్టాడు. రోడ్డు వైపు సగం చేను తడిసింది, అంతలో వంతు అయిపోయి నీళ్ళు పక్కవాళ్ళకి తిరిగాయి. ఇంటి వైపు సగం పొడిగానే మిగిలింది. ఆ రోజు మా వంతు పొట్టిదైనందుకు కాలువ చూసుకునే మనిషిని చెడామడా తిట్టాను. తర్వాత ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పొద్దున్నే గోరువంకల గోలకి బయటికొచ్చి చూశాను. తడిసిన సగం చేలో వానపాములన్నీ మట్టి పైకి వచ్చేశాయి. కొన్ని కదలడం లేదు. కదలగలిగినవి ఎర్రగా, మెలికలు తిరుగుతూ గట్టు ఎక్కుతున్నాయి. గట్టు అవతల ఇనాబత్ ఖాలా చేను. గోరువంకలు గట్టు మీద వరసగా నిలబడి, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు దొరికినదాన్ని దొరికినట్టు మింగుతున్నాయి. అవి మింగగా మిగిలినవి ఖాలా చేలోకి దిగి, అక్కడి మెత్తని నల్లమట్టిలో దూరిపోతున్నాయి.

ఖాలా అంటే పిన్ని, అయినా ఇనాబత్ ఖాలా మాకు చుట్టం కాదు, పొరుగు. భర్త పోయాక కూడా ఒక్కతే చేను చేసుకుంటుంది. వయసు డెబ్బై, నాలుక వయసు ఇరవై. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, గట్టు దగ్గర నిలబడి ఈ వలసంతా చూస్తోంది. ముఖంలో నవ్వు దాచే ప్రయత్నం కూడా చెయ్యట్లేదు.

"ముకంబర్, నీ వానపాములు మా ఇంటికి కాపురానికి వస్తున్నాయే. నువ్వే తరిమావా, అవే అలిగాయా?"

"మీరు నవ్వండి ఖాలా. నా కూతురి పెళ్ళి క్యారెట్ వెయ్యాల్సిన చేను ఇది."

"తెలుసు. ఊరంతా తెలుసు. నువ్వు పెద్దల ముందు గొంతు చించుకుని చెప్పావు కదా." ఆమె వంగి మా చేలో మట్టి చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే విదిలించేసింది. "వానపాముకి ముక్కు ఎక్కడుంటుందో నాకు తెలీదు గానీ, ఒళ్ళంతా చర్మమే కదే పాపం. ఈ ఘాటు తడిసి కిందికి దిగితే ఒళ్ళు మండదూ? నీకు కళ్ళు మండితే నువ్వు లోపలికి పోయి తలుపేసుకున్నావు. వాటికి తలుపేదీ?"

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇంకా ఉంది విను. పచ్చిపెంట వెచ్చగా ఉంటుంది. కుమ్మరిపురుగులకి అంతకన్నా పుట్టిల్లు లేదు. మంచివాళ్ళు ఇల్లు ఖాళీ చేశాక దొంగలు దిగుతారు చూడు, అట్లా. మట్టి గుల్ల చేసేవాళ్ళు పోయారు, వేరు కొరికేవాళ్ళు వస్తారు. గట్టిపడిన మట్టిలో, ఆ మంటలో క్యారెట్ నిటారుగా దిగదు. కాళ్ళూ చేతులూ వస్తాయి దానికి. మీ వియ్యంకుడు దాన్ని కూర్చోబెట్టి టీ ఇవ్వచ్చు."

ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. నాకెప్పుడూ కోపమే గెలుస్తుంది. ఇంట్లోకి వెళ్ళి పార తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను.

"ఇంటి వైపు సగం ఇంకా పొడిగానే ఉంది. పైపైన గీరి తీసేద్దాం. మళ్ళీ నీళ్ళ వంతు వచ్చేలోపు అయిపోవాలి."

"మరి గురువారం బావగారు..."

"రోడ్డు పక్క సగం నీ మొహమాటానికి వదిలేస్తున్నా. ఇంటి పక్క సగం నా మాటకి ఇవ్వు. బావగారు రోడ్డు మీంచి రోడ్డు పక్కదే చూస్తారు, కంచె దాటొచ్చి చూడరు."

ఆ పంపకం ఆయనకి నచ్చింది. ఎవర్నీ నొప్పించనిది ఏదైనా ఆయనకి నచ్చుతుంది. గీరి తీసిన పెంటని గడ్డితో, బూడిదతో కలిపి పెరటి మూల కుప్ప వేసి, పైన మట్టి పూశాం. "నువ్వు వచ్చే ఏడు మాట్లాడు," అని దానికి చెప్పి వచ్చాను.

ఇప్పుడు మంచి ఎరువు కావాలి. అది ఊళ్ళో ఒక్కచోటే ఉంది. ఇనాబత్ ఖాలా ఏటా మే నెలలో ఇల్లంతా పట్టుపురుగులు పెంచుతుంది. అవి తినగా మిగిలిన మల్బరీ ఆకు, వాటి రెట్ట, గొర్రెల దొడ్డి ఊడ్చినది అన్నీ కలిపి మల్బరీ చెట్టు నీడన కుప్ప వేస్తుంది. పాతది మాగి నల్లగా టీ పొడిలా రాలుతుంటుంది, వాసన చూస్తే వానకి తడిసిన మట్టి వాసన తప్ప ఇంకేమీ ఉండదు. చెయ్యి పెడితే చేతికి వానపాము తగలకుండా రాదు. దాన్ని ఆమె ఎవరికీ ఇవ్వదు.

"ఇస్తాను," అంది. నేను నమ్మలేదు. "ఊరికే కాదు. పెళ్ళిలో ఆడవాళ్ళ విందు దగ్గర గుమ్మానికి ఎదురుగా పెద్దవాళ్ళని కూర్చోబెట్టే పైచోటు నాది. మీ పెద్దాడపడుచుది కాదు."

మా పెద్దాడపడుచు ఆ చోటు కోసమే పుట్టిందని ఊరంతా అంటుంది. అయినా "మీదే ఖాలా," అన్నాను.

"మీ ఆడపడుచు ముఖం చూడాలి. దానికైతే ఇంకో రెండు బళ్ళు ఎక్కువే ఇస్తాను," అంది ఖాలా. "ఇంకో మాట. వానపాముల్ని ఏరి తెచ్చి వెయ్యాలని చూడకు. నీ చేతిలో చస్తాయి. తిండి పెట్టు, తడి ఉంచు, మండించకు. అవే వస్తాయి. పిలవని చోటికి వెళ్ళేది మీ ఆడపడుచు ఒక్కతే."

ఇంటి వైపు సగంలో నల్లెరువు పరిచాం, సన్నగా కలియదున్నాం, తడి ఆరకుండా గోధుమ గడ్డి కప్పాం. జూలై మొదట్లో గింజలు చల్లేముందు గడ్డి ఎత్తి మట్టి తిరగేశాను. పారకి అంటుకుని ఒక వానపాము బయటికొచ్చింది, దాని వెనకే ఇంకోటి. మట్టికి మేలు చేసే సన్నని తెల్లపురుగులు గంతులేశాయి. నల్లని కీటకాలు ఎండకి సిగ్గుపడి పరుగెత్తాయి. అంత ఆనందం నాకు ఆ ఏడు పట్టుబట్టలు కొన్నప్పుడు కూడా కలగలేదు. మట్టి కప్పేసి, "పడుకోండి," అన్నాను.

అయితే ఆగస్టు వచ్చేసరికి నా నోరు మూతపడింది. రోడ్డు పక్క సగం ఆకు మోకాలెత్తు లేచింది, నల్లపచ్చగా మిసమిసలాడుతూ. నా సగంలో ఆకు జానెడు. దారినపోయే ప్రతివాడూ ఆగి రోడ్డు పక్కదాన్ని మెచ్చుకునేవాడు. ఒకవేళ నాదే తప్పయితే? పెళ్ళినాటికి ఆ జానెడు ఆకు కింద తోకల్లాంటి దుంపలే వస్తే? హుల్కార్‌కి మాత్రం ఈ భయం చెప్పలేదు. అది తన దుప్పట్లు కుట్టుకుంటూ, అద్దంలో తనకి తాను నవ్వుకుంటూ ఉంది.

గురువారం గురువారం వియ్యంకుడి చిన్న వ్యాన్ రోడ్డు మీద ఆగేది. దిగి కంచె దగ్గర నిలబడేవాడు. ఏదో చెప్పబోయేవాడు. మా ఆయన పరుగున వెళ్ళేవాడు.

"చూశారా బావగారూ, మీ ఎరువు చేసిన పని. ఇలాంటి ఆకు నా జన్మలో చూళ్ళేదు."

"ఆకు సరే బావగారూ. కింద ఎలా ఉంది?"

"కింద ఇంకా బ్రహ్మాండం," అనేవాడు మా ఆయన, ఒక్క మొక్కైనా పీకి చూడకుండా.

మామాసాలీ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గి, తలూపి, వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయేవాడు. "పెద్దమనిషి. పొగిడితే సిగ్గుపడతాడు," అనేవాడు మా ఆయన. నాకూ అలాగే అనిపించింది. మనిషి చిక్కిపోతున్నాడని మాత్రం గమనించాను. కొడుకు పెళ్ళి పనుల హడావిడి అనుకున్నాను.

సెప్టెంబరులో రోడ్డు పక్క సగంలో అక్కడక్కడ మొక్కలు తలలు వాల్చడం మొదలుపెట్టాయి. పట్టుకుంటే చేతిలోకి వచ్చేవి, కింద వేరుండేది కాదు. మట్టి తవ్వితే కుమ్మరిపురుగు, గోధుమరంగులో, ఎలుగుబంటిలాంటి ముందుకాళ్ళతో. తలమీద కిరీటమున్న పిట్ట ఒకటి వాటి కోసం రోజూ వచ్చి ముక్కుతో పొడిచేది. ఒక్క పిట్ట ఎన్ని తింటుంది? అప్పుడు రోడ్డు పక్క బాగా ఎదిగిన మొక్కనొకదాన్ని పీకి చూశాను. దుంపకి మూడు కాళ్ళు, ఒళ్ళంతా వెంట్రుకలు. నా సగంలో ఒకటి పీకాను. జానెడు ఆకు కింద జానెడున్నర దుంప, నున్నగా, నిటారుగా, పసుపు పూసినట్టు. దాన్ని కొంగుతో తుడిచి మా ఆయన ముక్కు ముందు పెట్టాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "బావగారికి ఎలా చెప్పడం?" అన్నాడు. ఆ మనిషి ఇక మారడు.

పెళ్ళి ముందురోజు వచ్చింది. పొద్దున్నే చేను తవ్వాం. నా సగం బస్తాలకెత్తి వాకిట్లో పోయించాను. రోడ్డు పక్కవాటిని మా ఆయన ఎవరూ చూడకుండా పశువుల కొట్టంలో గడ్డి కింద దాచాడు. నిటారు దుంపలు పలావుకి సరిపోతాయనే నా లెక్క.

మధ్యాహ్నం తిరిగాక ఊరి మగవాళ్ళు కత్తులతో దిగారు. చాపల మీద వరసగా కూర్చున్నారు. వియ్యంకుడూ వచ్చాడు, వ్యాన్‌ని గుమ్మానికి దూరంగా పెట్టి. ఆయన కుప్పలోంచి ఒక దుంప తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. విరిచి చూశాడు. టప్‌మని విరిగింది.

"ఇది నా ఎరువు వేసినదేనా బావగారూ?"

"అక్షరాలా మీదే," అన్నాడు మా ఆయన, చెమట తుడుచుకుంటూ.

మామాసాలీ ముఖంలో వెలుగు రావాలి కదా. రాలేదు. ఉన్న కాస్త వెలుగూ పోయింది. దుంపని మెల్లగా కుప్పలో పెట్టేసి చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన అబద్ధం ఇలాగే నిలబడితే వచ్చే జూన్‌లో రెండు ట్రాలీలొస్తాయి. అది సరే, రేపటి నుంచి నా కూతురు పార పట్టేది ఆయన చేలోనే. చెప్పేద్దామని నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడే వంట మేస్త్రీ వచ్చాడు. "అమ్మా, రెండు ఊళ్ళ నుంచీ జనం పెరిగారంట, బియ్యం ఇంకో దేగిసాకి పోయమన్నారు. ఈ క్యారెట్ చాలదు. ఇంకో రెండు బస్తాలు కావాలి."

కత్తులు ఆగాయి. అందరూ నా వైపే చూశారు. వసంతంలో నేనన్న మాట ఒక్కరూ మర్చిపోలేదని ఆ చూపుల్లోనే తెలిసింది. బజారుకి పంపితే నా మాట పోతుంది. కొట్టంలోవి తెస్తే వియ్యంకుడి పరువు పోతుంది, అదీ కూతురు గడప దాటే ముందురోజు. కక్కలేను, మింగలేను. కడవల దగ్గర కూర్చున్న ఇనాబత్ ఖాలా కూడా నోరెత్తలేదు, అంటే పరిస్థితి ఎంత గట్టిదో చూడండి.

మామాసాలీ లేచాడు. వ్యాన్ దగ్గరికి వెళ్ళి ఒక బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. నా ఎదురుగా నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ముందు నువ్వు నన్ను క్షమించాలి," అన్నాడు, బస్తా చాప మీద కుమ్మరించాడు.

రెండు కాళ్ళవి, మూడు కాళ్ళవి, ఒకదాన్నొకటి కౌగిలించుకున్నవి, గడ్డాలు మీసాలు ఉన్నవి. క్యారెట్టేనని రంగు చూసి తెలుసుకోవాలి.

"ఆ పెంటే నా చేలోనూ వేశాను. ఇంతకు ముందెప్పుడూ వెయ్యలేదు. ఆకు బాగా లేచింది. ఆగస్టు మొదట్లో ఒకటి పీకి చూస్తే ఇదీ వరస. నా సంగతి పోనీ, మీ పిల్ల పెళ్ళి పలావు నేనే పాడు చేశానే అని కుమిలిపోయాను. ప్రతి గురువారం చెబుదామనే వచ్చాను. బావగారు అంత పొగుడుతుంటే నోరు రాలేదు. మీవి కూడా పోయుంటే వీటినైనా తరుగుతారని, ఏరి తెచ్చాను. ఇంతకన్నా మంచివి నా దగ్గర లేవు చెల్లెమ్మా. మీవి ఇంత బాగా వచ్చాయి కాబట్టి సిగ్గుతో వ్యాన్‌లోనే ఉంచేశాను."

ఇన్నాళ్ళూ ఆ మనిషి ఈ బరువు మోశాడు. మా ఇంట్లో ఒక మొహమాటం చాలదన్నట్టు దేవుడు వియ్యంకుడి రూపంలో రెండోదాన్ని పంపాడు. నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. నవ్వుతూనే మా ఆయన్ని చూశాను.

"హుల్కార్ నాన్నా, కొట్టంలోవి తీసుకురా."

ఆయన కదల్లేదు. నేనే వెళ్ళి, గడ్డి కింద బస్తా ఈడ్చుకొచ్చి, ఆ కుప్ప పక్కనే కుమ్మరించాను. రెండు కుప్పలూ కవలపిల్లలే. మూలనున్న ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి పక్కాయన. ఇంక వాకిలంతా నవ్వే. మామాసాలీ మా ఆయన్ని చూశాడు, మా ఆయన మామాసాలీని చూశాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వినందుకో ఏడ్చినందుకో నేను అడగలేదు.

"అయితే ముకంబర్, పరాయి క్యారెట్ పడదన్నావు కదా," అంది ఇనాబత్ ఖాలా. ఆమె మర్చిపోతుందా?

"వియ్యంకుడు పరాయివాడని ఎవరన్నారు ఖాలా?" అన్నాను. రెండు చేతులతో రెండు కుప్పల్నీ కలిపేశాను. "కానివ్వండయ్యా. కాళ్ళు కోసేసి తరగండి. దేగిసాలో పడ్డాక ఏ కాలు ఎవరిదో తెలీదు."

తిట్టుకుంటూ, జోకులేసుకుంటూ తరిగారు. కాళ్ళున్న క్యారెట్ తరగడం పెద్ద పని. పొద్దుగూకుతుండగా మామాసాలీ కత్తి తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు. "మరి ఆ మంచివి ఎలా వచ్చాయి చెల్లెమ్మా?"

చేను ఇంటి వైపుకి తీసుకెళ్ళాను. తవ్వేసిన మట్టే అయినా పార వేసి ఒక పెళ్ళ తిరగేశాను. అది చేతిలో రొట్టెముక్కలా విడిపోయింది, లోపల సన్నని దారులు, ఆ దారుల్లో వానపాములు. ఆయన గొంతుకూర్చున్నాడు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నా చేలో ఇవి లేవు. గోరువంకలు కూడా రావడం మానేశాయి," అన్నాడు. "వీటిని నాకు ఇస్తావా?"

మర్నాడు పొద్దున్నే పలావు పెట్టాం. వంకర కాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు పళ్ళెంలో వెతుక్కుని మరీ తిన్నారు, ఒక్క కాలూ కనిపించలేదు. పైచోట్లో ఇనాబత్ ఖాలా కూర్చుంది. మా ఆడపడుచు ముఖం గురించి నేను చెప్పను, ఖాలా ఇప్పటికీ చెబుతూనే ఉంది.

మధ్యాహ్నానికి కార్లు కదలడానికి సిద్ధమయ్యాయి. దుప్పట్లు, పరుపులు, పెట్టెలు ఎక్కించారు. చివరికి నేను ఒక బకెట్ తెచ్చాను. నా చేలో మట్టి, మల్బరీ ఆకు, పైన తడి గోనె.

"అమ్మా, నా సారెలో వానపాములా?" అంది హుల్కార్ ముసుగులోంచి. ఏడుస్తున్నదల్లా నవ్వేసింది.

మామాసాలీ ఆ బకెట్‌ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. తన ఒళ్ళోనే పెట్టుకుని వ్యాన్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని, "కొత్త చోట వీటికి ఏం పెట్టాలి చెల్లెమ్మా?" అని అడిగాడు.

"మొదట్లో ఎక్కువ ఏమీ పెట్టొద్దు బావగారూ. మాగింది కొంచెం వేసి, నీడన ఉంచండి. తడి ఆరనివ్వద్దు. ఘాటైనది ఏదీ తగలనివ్వద్దు. ఎలా ఉన్నాయోనని మాటిమాటికీ తవ్వి చూడద్దు. కొత్త మట్టి కదా, కొన్నాళ్ళు కదలవు. భయపడొద్దు. అలవాటయ్యాక వాటి పని అవి..." అంటూ తలెత్తాను. కారు అద్దంలోంచి హుల్కార్ నన్నే చూస్తోంది. నేను వానపాముల గురించి చెప్పడం ఎప్పుడో మానేశానని అప్పుడు తెలిసింది.

ఆయనకి ముందే తెలిసినట్టుంది. తల దించుకుని గోనె సర్దాడు.

"నీడ ఉంది చెల్లెమ్మా, తడీ ఉంది," అన్నాడు. "ఏదైనా తేడా వస్తే ఈసారి గురువారం దాకా ఆగను, ఆ రోజే వచ్చి చెబుతా. మొహమాటపడను."

"పడితే నేనే వస్తాను," అన్నాను.

వ్యాన్ కదిలింది. బకెట్ కుదుపుకి ఒరిగిపోకుండా ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ చేతులు తియ్యలేదు, నేను చూశాను.